ఇంటిపేరు ట్రైగోనోప్టెరస్!

మొన్న వేసవిలో మేడమీద పాత దుప్పటి పరిచి బియ్యం ఎండబోశాం. పాతిక కిలోల బస్తా. వేపాకు వేశాను, ఎండుమిరపకాయలు వేశాను, అయినా మూతి విప్పేసరికి ముక్కు పురుగులు బిలబిలమంటూ పైకొచ్చాయి. ఎండ తగలగానే దుప్పటి అంచులకేసి ఒకటే పరుగు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఒకదాన్ని వేలిమీద ఎక్కించుకుని, "అమ్మా, దీనికి పేరుందా?" అంది.

"పురుగుకి పేరేమిటే, పురుగే" అన్నారు మా అత్తగారు, చాటలోంచి తలెత్తకుండా.

ఎప్పుడో చదివిన జువాలజీ ఊరుకోనిచ్చిందా నన్ను! "సైటోఫిలస్ ఒరైజే" అనేశాను.

"ఎవరు పెట్టారమ్మా ఆ పేరు?" అన్నారావిడ ఈసారి తలెత్తి.

"లినేయస్ అని స్వీడన్ దేశపాయనండీ. 1763లో."

ఆయన పెట్టిన పేరులో 'ఒరైజే' ఒక్కటే ఇప్పుడు మిగిలింది. అంటే వరికి సంబంధించినదని. ముందున్న మాట అప్పట్లో 'కర్కులియో'. తర్వాతివాళ్లు ఆ పెద్ద కుటుంబాన్ని విడదీసి దీన్ని 'సైటోఫిలస్' అనే ప్రజాతిలో చేర్చారు. మన పద్ధతే చూడండి! ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇల్లు మారితే ఇంటిపేరు మారుతుంది, అసలు పేరు నిలుస్తుంది. పైగా అలా మారినప్పుడు మొదట పేరు పెట్టినాయన్ని బ్రాకెట్లో వేస్తారు, ఇది పుట్టింటి పేరు కాదు సుమా అని తెలిసేట్టు. పెళ్లయ్యాక బ్యాంకు పాసుబుక్కులో, రేషన్ కార్డులో, ఆధార్‌లో మూడు రకాల పేర్లతో తిరిగే మనకంటే పురుగుల లెక్క నయం అనిపించింది నాకు.

ఇంతకీ మన బియ్యంలోది నిజంగా ఒరైజేనా? దీనికొక జంట ఉంది, సైటోఫిలస్ జియామేస్ అని. మొక్కజొన్నలో ఎక్కువ, బియ్యంలోనూ ఉంటుంది. రెంటికీ అదే ముక్కు, అవే మచ్చలు. చాలాకాలం శాస్త్రవేత్తలే వీటిని ఒకే పురుగులో పెద్ద రకం, చిన్న రకం అనుకున్నారు. 1961లో కుషెల్ అనే ఆయన పాత నమూనాలన్నీ తిరగేసి ఇవి వేరు వేరు జాతులని తేల్చాడు. ఖాయంగా చెప్పాలంటే మగ పురుగు జననాంగాన్ని కోసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. వేల ఏళ్లుగా మన గాదెల్లో ఉంటున్న పురుగు సంగతే ఇలా ఉంటే, అడవిలో ఆకుల కింద బతికేదాని సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఆ ప్రశ్న పట్టుకుని మా అమ్మాయీ నేనూ నాలుగు రోజులు కూర్చుని చదివిందే ఇప్పుడు మీకు చెప్పబోయేది.

ఇండోనేషియాలో సులవేసి అని ఒక ద్వీపం ఉంది. పటంలో ఇంగ్లీషు 'కె' అక్షరంలా చేతులూ కాళ్లూ చాపినట్టు ఉంటుంది. కొండలు, దట్టమైన అడవులు. అక్కడ ట్రైగోనోప్టెరస్ అనే ప్రజాతికి చెందిన ముక్కు పురుగులున్నాయి. చాలావరకు నువ్వుగింజంతే. ఇవి ఎగరలేవు. ఎగరలేని పురుగు ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కడం చిన్న విషయం కాదుగా! అందుకని ఏ కొండ పురుగు ఆ కొండమీదే ఉండిపోయి, లక్షల ఏళ్లలో తన దారిన తాను వేరే జాతి అయిపోతుంది. ఇంత పెద్ద ద్వీపంలో ఈ ఇంటిపేరుతో శాస్త్రం ఎరిగినది ఒకే ఒక్క జాతి. అదీ 1885 నాటి మాట. ఆ తర్వాత నూట ముప్ఫై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2019లో జర్మనీలోని కార్ల్‌స్రూహె మ్యూజియంకి చెందిన అలెగ్జాండర్ రీడెల్, ఇండోనేషియాకి చెందిన రాదెన్ ప్రమేస నరకుసుమో కలిసి ఒకేసారి 103 కొత్త జాతుల్ని వర్ణించారు. ఒకటి కాదు, రెండు కాదు, నూట మూడు!

ఎలా పట్టుకుంటారో చదివితే నవ్వొచ్చింది. కొమ్మ కింద గుడ్డ పట్టి కర్రతో కొట్టి దులుపుతారు, మనం చింతకాయలు దులిపినట్టు. నేలమీద కుళ్లిన ఆకుల్నేమో జల్లెడ పడతారు. ఈ రెండు పనులకీ నాకు ఏ డిగ్రీ అక్కర్లేదు! అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. సీసాలో వందల పురుగులు, అన్నీ నల్లగానో ఎర్రగానో నిగనిగలాడుతూ ఒక్కలాగే. వాటిలో ఏది ఎవరి బిడ్డో తేల్చాలి. ఇక్కడ డి.ఎన్.ఎ. సాయానికొస్తుంది. పురుగు లోపలి మెత్తటి కండని కరిగించి డి.ఎన్.ఎ. తీస్తారు, పైపెంకు చెక్కుచెదరదు. అందులో ఒక జన్యువు ముక్క చదివి ఏవి దగ్గరి చుట్టాలో, ఏవి పరాయివో గుంపులు కడతారు. తర్వాత అదే పెంకుని మైక్రోస్కోపు కింద పెట్టి ఆ తేడా కంటికి ఎక్కడ కనిపిస్తుందో వెతుకుతారు.

ఇక వర్ణన. కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఈ మాట దగ్గర ఆగిపోయాను. మేం వర్ణన అంటే పొంగించి రాస్తాం. వీళ్ల వర్ణనలో ఒక్క ఉపమానం ఉండదు. పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, ముక్కుమీద గీతలున్నాయా, వీపుమీద గుంటలు దగ్గరదగ్గరగా ఉన్నాయా దూరంగానా, తొడమీద పన్ను ఉందా లేదా. అన్నిటికంటే ముఖ్యం, తక్కిన చుట్టాలనుంచి దీన్ని దేనితో గుర్తుపట్టాలన్నది. చివరికి ఒక్క పురుగుని ఎంచి హోలోటైప్ అని చీటీ కడతారు. రేపు ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ ఒక్కదానితో పోల్చి చూసుకోవాలి. సులవేసి పురుగుల హోలోటైపులు ఇండోనేషియాలోనే, బోగోర్ దగ్గరి మ్యూజియంలో ఉన్నాయి. జావా, బాలి, ఫ్లోరెస్ లాంటి ద్వీపాలనుంచి 2014లో వర్ణించిన 98 జాతుల వ్యాసంలో యాయుక్ సుహార్జోనో అనే ఇండోనేషియా పరిశోధకురాలి పేరుంది. మా అమ్మాయి అది చూసి గబగబా నోట్సులో రాసుకుంది.

నూటికి పైగా పేర్లు ఎక్కడనుంచి తేవాలి? పిల్లాడికి ఒక్క పేరు పెట్టడానికే బియ్యంలో రాయడం దాకా ఇంటిల్లిపాదీ వాదించుకుంటాం! సులవేసి పురుగుల్లో పచ్చగా ఉండే పొట్టిదానికి 'స్టార్ వార్స్' సినిమాలోని యోడా పేరు పెట్టారు. కామిక్ పుస్తకాల ఆస్టెరిక్స్, ఒబెలిక్స్ కూడా ఉన్నారు. డార్విన్ ఉన్నాడు, డి.ఎన్.ఎ. ఆకృతి చెప్పిన వాట్సన్, క్రిక్ ఉన్నారు. 2021లో అదే ద్వీపం మధ్యభాగంనుంచి ఇంకో 28 వర్ణించి, అందులో ఒకదానికి 'కరోనా' అని పెట్టారు. నాకైతే ఈ సినిమా పేర్లకంటే 2013లో న్యూగినీ పురుగులకు చేసిన పని నచ్చింది. అప్పుడు 101 జాతులు. పేర్లు తట్టక పాపువా న్యూగినీ టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి అక్కడి కుటుంబాల ఇంటిపేర్లు తీసి పెట్టారు. ఆ నేలమీది పురుగుకి ఆ నేలవాళ్ల పేరు. బావుంది కదూ!

ఇంత చిన్న పురుగులో ఏముంది అంటారేమో. ట్రైగోనోప్టెరస్ ఆబ్లాంగస్ అనే న్యూగినీ పురుగు కాలి మొదట్లో కీలు అచ్చంగా మరబోల్టూ నట్టూ లాగా ఉంటుందని 2011లో కనిపెట్టారు. కాలు కదిలితే మర తిరిగినట్టు తిరుగుతుందన్నమాట. మనుషులు మరమేకు తామే కనిపెట్టామనుకుంటున్నారు!

నవ్వులకేం గానీ ఒక మాట చదివి నా మనసు చివుక్కుమంది. ఒకే కొండమీద బతికే పురుగు ఆ కొండమీది అడవి పోతే ఎక్కడికీ వెళ్లలేదు. పేరున్నదైతే పోయిందని కనీసం లెక్కలోకి వస్తుంది. పేరు లేనిదైతే పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. అందుకే వీళ్లు ఏళ్ల తరబడి ఒక్కోదానిమీద పెద్ద పుస్తకం రాయకుండా డి.ఎన్.ఎ., ఫొటో, క్లుప్తమైన వర్ణన చేర్చి వందలెక్కన పేర్లు పెడుతున్నది.

డిగ్రీ రెండో ఏడు మాకు ప్రాక్టికల్సుకి పురుగుల పెట్టె ఉండేది. ఇరవై పురుగుల్ని పట్టి థర్మోకోల్‌మీద గుండుసూదులతో గుచ్చాలి. మా పెరట్లో జామచెట్టు కింద ఓ నల్లటి ముక్కు పురుగు దొరికింది నాకు. నిగనిగలాడే వీపు, సన్నటి ముక్కు. లెక్చరర్‌గారికి చూపిస్తే, "ఏదో వీవిల్ అని రాసెయ్ అమ్మా" అన్నారు. రాసేశాను. పదికి ఎనిమిది మార్కులొచ్చాయి. పెళ్లయ్యాక ఆ పెట్టె పాత సామాన్లలో వెళ్లిపోయింది. అది కొత్త జాతి అయ్యుంటుందని నేననను. కానీ ఎక్కడ దొరికింది, ఏ తారీఖున అని ఒక్క ముక్క చీటీ రాసి పెట్టలేదు, రాయమని ఎవరూ చెప్పలేదు. ఆ రెండూ లేని పురుగు మ్యూజియంలో ఉన్నా పెద్దగా దేనికీ కొరగాదట. ఇన్నేళ్లకి తెలిసింది.

మా అమ్మాయి మేడమీది పురుగుని హోమియో మాత్రల సీసాలో పెట్టి, "బియ్యం పురుగు, మా ఇల్లు" అని చీటీ అంటించింది. ఊరి పేరూ తేదీ కలిపి రాయించాను. ఒరైజేనో జియామేసో ఖాళీ వదిలి పెట్టింది, స్కూల్లో మైక్రోస్కోపు అడుగుతానంటోంది. "అవన్నీ సరే, బియ్యం ఇంకోసారి ఎండబెట్టాలా వద్దా?" అని అడుగుతున్నారు మా అత్తగారు. బెట్టాలి. ఆడ పురుగు ముక్కుతో గింజకి బెజ్జం పెట్టి లోపల గుడ్డు పెట్టి, బెజ్జాన్ని జిగురుతో మూసేస్తుంది. పైకి శుభ్రంగా కనిపించే గింజలో పిల్ల పెరుగుతూనే ఉంటుంది. ఆదివారం మళ్లీ దుప్పటి పరవాలి.