ఇంటి మీద బెంగ ఎక్కడ పుడుతుంది?

మీ ఇంట్లోనో మీ వీధిలోనో విదేశాల్లో ఉంటున్నవాళ్లు ఒకరైనా ఉండే ఉంటారు. వాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం అడుగుతారో ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? మా మేనమామ కొడుకు, నాకు వరసకు బావ, 2005 నుంచి పధ్నాలుగేళ్లు అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్నాడు. జూన్ నెల వచ్చిందంటే విజయవాడలో ఉన్న మా అత్తయ్యను ఆయన మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ వాన పడిందా?" మందులు వేసుకుంటున్నావా, డబ్బు అందిందా అన్నవి ఆ తరువాత. న్యూజెర్సీలో వానలు లేక కాదు. అక్కడ ఏడాదిలో అన్ని నెలల్లోనూ వాన పడుతుంది. మరి ఎన్నో వేల కిలోమీటర్ల దూరాన పడే చినుకుతో ఆయనకేం పని?

ఈ ప్రశ్నకు సగం జవాబు మట్టిలో ఉంది. రోహిణి ఎండలకు నెర్రెలు విచ్చిన నేల మీద తొలకరి పడగానే ఒక వాసన గుప్పుమంటుంది కదా! 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. వేసవిలో మొక్కల నుంచి వెలువడే నూనెలు ఎండిన మట్టికీ రాళ్లకీ పట్టి ఉంటాయి. చెమ్మ తగలగానే అవి గాలిలోకి లేస్తాయి. నేల ఎంత ఎక్కువ కాలం ఎండితే వాసన అంత చిక్కగా ఉంటుంది. వారం వారం తడిసే న్యూజెర్సీ నేలకు మన రోహిణి కార్తె లేదు, కాబట్టి మన తొలకరి వాసనా అంతగా లేదు. అన్నట్టు, ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో అత్తరు తయారుచేసేవారు ఈ వాసనను అంతకు ఎంతో ముందు నుంచే సీసాల్లో పట్టి అమ్ముతున్నారు. కాల్చిన మట్టిని నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో ఆ సంగతి ప్రస్తావించారు కూడా.

ఆ వాసనలో మరో ముఖ్య పాత్రధారి జియోస్మిన్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. చినుకు నేలను తాకినప్పుడు దాని కింద చిన్న చిన్న గాలిబుడగలు చిక్కుకుని, సోడాలో లాగా పైకి లేచి పగులుతాయి. వాటితోపాటే నేలలోని పదార్థాలు సన్నని తుంపరగా గాలిలో కలుస్తాయి. 2015లో అమెరికా పరిశోధకులు అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాతో ఈ దృశ్యాన్ని పట్టుకున్నారు. జియోస్మిన్ విషయంలో మన ముక్కు ఆశ్చర్యకరమైన పరికరం. నీటిలో లక్ష కోట్ల భాగాలకు అయిదారు భాగాలున్నా పసిగట్టేస్తుంది. చెరువు చేపల్లో వచ్చే మట్టివాసన, బీట్‌రూట్ వాసన కూడా దీనివే. ఆమ్లం తగిలితే జియోస్మిన్ విచ్ఛిన్నమవుతుంది. చేపల పులుసులో చింతపండు ఎందుకు దండిగా పోస్తారో మీ అమ్మమ్మ ఈ మాటల్లో చెప్పకపోవచ్చు, కానీ ఆ పని ఆవిడకు బాగా తెలుసు.

ఇక్కడొక చిక్కు ఉంది. జియోస్మిన్ అణువు విజయవాడలోనైనా న్యూజెర్సీలోనైనా ఒక్కటే. దానిలో ఊరి పేరేమీ రాసి ఉండదు. అందుకే మిగతా సగం జవాబు కోసం మన తలలోకి తొంగిచూడాలి.

ముక్కుకు దగ్గరి దారి

మన ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. వీటికి సంబంధించిన జన్యువులను 1991లో కనుగొన్న లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. కంటి నుంచీ చెవి నుంచీ వచ్చే సంకేతాలు మెదడు నడుమనున్న థలామస్ అనే కూడలిలో ఆగి, అక్కడి నుంచి పై పొరలకు వెళతాయి. వాసనకు ఆ మజిలీ అక్కర్లేదు. ముక్కు పైభాగాన, మెదడు అడుగున ఉన్న ఘ్రాణ కందం నుంచి అది ఉద్వేగాలకు కేంద్రమైన అమిగ్డలాకు తిన్నగా చేరుతుంది. జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్‌కూ దాని దారి చాలా దగ్గర. అందుకే వాసన తగిలినప్పుడు ముందు మనసు కదులుతుంది. ఇది ఫలానా వాసన అన్న ఆలోచన తరువాత వస్తుంది.

ఈ దగ్గరి దారి ఒక శాస్త్రజ్ఞుడికి గొప్ప ఊహను ఇచ్చింది. ఆయన పేరు ఆర్థర్ హాస్లర్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. స్వస్థలం అమెరికా పశ్చిమ ప్రాంతంలోని యూటా. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఆయన చాలాకాలానికి సొంత ప్రాంతానికి వెళ్లి, చిన్నప్పుడు తిరిగిన కొండలు ఎక్కుతున్నాడు. ఒక బండరాయి మలుపు దగ్గర చల్లగాలితోపాటు నాచు వాసన, అడవి పూల వాసన వచ్చాయి. మలుపు అవతలి జలపాతం ఇంకా కంటికి కనిపించనేలేదు. కానీ ఆ జలపాతమూ, ఏనాడో మరిచిపోయిన చిన్ననాటి నేస్తాలూ ఒక్కసారిగా కళ్లముందు నిలిచారు. హాస్లర్ అక్కడే సాల్మన్ చేపల గురించి ఆలోచనలో పడ్డాడు. ఈ చేప ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి, కొన్నేళ్ల తరువాత గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన ఏటికే తిరిగి వస్తుంది. వరదనాడు గోదావరిలో ఎదురీదే మన పులస కూడా సముద్రం నుంచి వచ్చేదే కనుక ఇటువంటి ప్రయాణం మనకు కొత్తేమీ కాదు. అన్ని ఏరుల్లో తన ఏరు ఏదో సాల్మన్‌కు ఎలా తెలుస్తోంది? నాకు కొండ గుర్తొచ్చినట్టే దానికీ వాసనే గుర్తేమో!

ఊహను నిరూపించడానికి ఇంచుమించు ముప్పై ఏళ్లు పట్టింది. హాస్లర్ బృందం పెంపకపు తొట్లలోని సాల్మన్ పిల్లల్ని కొన్ని వారాలపాటు మార్ఫొలిన్ అనే రసాయనం అతి స్వల్పంగా కలిపిన నీటిలో ఉంచింది. ప్రకృతిలో ఆ వాసన ఏ ఏటికీ ఉండదు. ఆ తరువాత వాటికి గుర్తులు వేసి మిషిగన్ సరస్సులో వదిలారు. ఏడాదిన్నర గడిచాక, చేపలు ఎదురీదే కాలంలో, ఒక ఏటి నీటిలో మార్ఫొలిన్‌ను చుక్కలు చుక్కలుగా వదిలారు. ఆ వాసన ఎరిగిన చేపలు ఆ ఏటికే తరలివచ్చాయి. ఎరగని చేపలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అంటే ఆ చేపకు పుట్టిల్లు ఒక స్థలం కాదు, ఒక వయసులో ముక్కుకు పట్టిన గుర్తు. చేపకు అది బతుకుతెరువు. మనకు ఏమిటి?

బెంగ ఒక జబ్బా?

తెలుగులో దానికి 'బెంగ' అనే చక్కని మాట ఉంది. హాస్టల్లో చేర్చిన పిల్లవాడు అన్నం మానేసి, జ్వరం తెచ్చుకుంటే "ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు" అంటారు. యూరప్ వైద్యులు దీన్ని నిజంగానే జబ్బుల జాబితాలో చేర్చారు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే పంతొమ్మిదేళ్ల వైద్య విద్యార్థి దీని మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. తిరిగి వెళ్లడం, బాధ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి 'నోస్టాల్జియా' అన్నాడు. అతడు వివరించిన రోగుల్లో ఒకడు బాజెల్‌కు చదువుకోడానికి వచ్చిన బెర్న్ కుర్రవాడు. రెండు ఊళ్లకీ మధ్య వంద కిలోమీటర్లు కూడా లేవు. అయినా కుర్రవాడు మంచం పట్టాడు, ఆశ వదులుకున్నారు. ఇంటికి పంపుతున్నామన్న మాట చెవిన పడగానే ఊపిరి తేరుకుని, దారిలోనే కోలుకున్నాడు. పరదేశపు సైన్యాల్లో కొలువు చేసే స్విస్ సైనికుల్లో ఈ జబ్బు ఎక్కువని చెప్పుకునేవారు. మరి కారణం? షోయిక్‌జర్ అనే మరో స్విస్ పండితుడు పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో వాతావరణ పీడనం అన్నాడు. కొండల మీది పలచని గాలికి అలవాటుపడిన శరీరాన్ని మైదానాల బరువు గాలి నొక్కేస్తుందట! ఈ వాదన తప్పే గానీ, బెంగకు శరీరంలో కారణం వెతకాలన్న ఆలోచన మాత్రం తప్పు కాదు.

2012లో చైనా, బ్రిటన్, నెదర్లాండ్స్ పరిశోధకులు కలిసి ఒక విషయం తేల్చారు. వారి ప్రయోగాల్లో 20 డిగ్రీల గదిలో కూర్చున్న విద్యార్థులకు 24, 28 డిగ్రీల గదుల్లో ఉన్నవారికంటే పాత జ్ఞాపకాలు ఎక్కువగా వచ్చాయి. ఆ జ్ఞాపకాలను నెమరు వేసుకున్నవారు మంచులాంటి నీటిలో చేతిని ఎక్కువసేపు ఉంచగలిగారు. అంటే గతాన్ని తలుచుకోవడం జబ్బు కాదు, చలికి కప్పుకునే దుప్పటి లాంటిది.

దుప్పటి అంటే శ్రీనివాస రామానుజన్ గుర్తొస్తారు. 1914లో కేంబ్రిడ్జికి వెళ్లిన ఆయన రాత్రుళ్లు చలికి నిద్రపట్టక ఓవర్‌కోటు వేసుకుని, శాలువా కప్పుకుని పడుకునేవారు. అక్కడే చదువుతున్న మహలనోబిస్ గదిలోకి వెళ్లి చూస్తే పక్క మీద రగ్గులన్నీ ఉన్నాయి, చుట్టూ పరుపు కిందికి మడిచి ఉన్నాయి. వాటిని తెరిచి లోపల దూరాలన్న సంగతే రామానుజన్‌కు తెలియదు. పరాయి దేశంలో మనిషిని కుంగదీసేవి ఎప్పుడూ పెద్ద విషయాలే కానక్కర్లేదు. పూర్తి శాకాహారి అయిన ఆయన వంట తానే చేసుకునేవారు. యుద్ధకాలంలో అదీ కష్టమైంది. 1919లో జబ్బుతో తిరిగి వచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో దేశం విడిచి, 1948లో మరణించేదాకా ఒక్కసారైనా తిరిగి రాలేదు. ఇద్దరిలో ఎవరి బెంగ పెద్దదో కొలిచే సాధనం లేదు.

ఇక నాలుక సంగతి. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ కొరియర్ దుకాణాల్లో పచ్చళ్లు నూనె కారకుండా కట్టి విదేశాలకు పంపడమే పెద్ద పని. రుచి అని మనం అనుకునేదానిలో చాలా భాగం నోటి వెనకగా ముక్కుకు చేరే వాసనే. జలుబు చేసినప్పుడు ఆవకాయ కూడా వట్టి ఉప్పూ కారమూ అవుతుంది చూడండి. ఈ చదువు మనకు పుట్టకముందే మొదలవుతుంది. తల్లి తిన్న వెల్లుల్లి వాసన ఉమ్మనీటిలోకీ చనుబాలలోకీ వస్తుందని ఫిలడెల్ఫియాలో జూలీ మెన్నెల్లా బృందం 1990లలో చూపింది. 2001లో వారే మరో ప్రయోగం ప్రచురించారు. గర్భిణిగా చివరి నెలల్లో క్యారట్ రసం తాగిన తల్లుల పిల్లలు, క్యారట్ రుచి ఉన్న గంజిని మొదటిసారి తినిపించినప్పుడే ముఖం చిట్లించకుండా తిన్నారు. ఇంటి రుచి మీద మక్కువ మనం ఎంచుకున్నది కాదన్నమాట, అమ్మ కడుపులో అబ్బినది.

తిరిగి వచ్చినవాళ్లకు ఏం దొరుకుతుంది?

నలభై దాటినవారిని జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువ చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనించారు. వాసన రేపే జ్ఞాపకాలు ఇంకా వెనక్కి పోతాయి. 2006లో స్వీడన్ పరిశోధకులు వృద్ధుల మీద జరిపిన అధ్యయనంలో, మాటలూ బొమ్మలూ కౌమారాన్ని గుర్తుచేస్తే, వాసనలు పదేళ్లలోపు బాల్యాన్ని గుర్తుచేశాయి. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. దూరాన ఉన్నవాళ్లు తలుచుకునే ఊరు ఇవాళ్టి ఊరు కాదు, వాళ్లకు ఎనిమిదేళ్లో పద్దెనిమిదేళ్లో ఉన్నప్పటి ఊరు. దానికి విమానం టికెట్టు దొరకదు.

మా బావ 2019లో తిరిగి వచ్చేశాడు. అత్తయ్య బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది ఒక కారణం. తొమ్మిదేళ్ల కూతురు నాయనమ్మతో రెండు మాటలు మించి తెలుగులో మాట్లాడలేకపోవడం రెండోది. తొలకరి పడిన రోజు మేడమీద తడుస్తూ నిలబడ్డాడు. నాలుగు రోజులకు వీధి కాలువ పొంగితే చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లు చేరాడు. వేపచెట్టున్న దొడ్డిలో అపార్టుమెంటు లేచింది. కలిసి క్రికెట్ ఆడిన నలుగురిలో ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకడు దుబాయ్‌లో ఉన్నారు. అత్తయ్య ఆవకాయ కలపడం మానేసి రెండేళ్లయింది. ఆవిడ పక్కన కూర్చుని చెబుతుంటే ఆయనే కలిపాడు. వచ్చినందుకు పశ్చాత్తాపం లేదనే అంటాడు, నేను నమ్ముతాను. తల్లి చెయ్యి పట్టుకుని నడిపించడం ఫోన్లో జరిగే పని కాదు.

ఆయన లెక్కలోకి రాని మనిషి మాత్రం ఒకరున్నారు. పదేళ్లలోపు ముక్కుకు పట్టిన గుర్తులే ఇల్లయితే, ఆ పిల్లకు ఇల్లు న్యూజెర్సీ. తండ్రికి తిరుగు ప్రయాణమైనది కూతురికి పరాయి దేశ ప్రయాణం. స్కూల్లో చేరిన మొదటి నెల సరిగా తినలేదు, రెండుసార్లు జ్వరం వచ్చింది. ఊరి నుంచి చుట్టాలు వస్తే ఉన్ని కోటు ఒకటి బీరువాలో వృథాగా ఉంది, ఎవరికైనా ఇద్దామన్నారు. పిల్ల ఇవ్వనివ్వలేదు. అప్పుడప్పుడు బీరువా తెరిచి అందులో ముఖం పెట్టుకునేది. ఆ డిసెంబరులో ఒక రాత్రి అక్కడి స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క గదిలో మాకు వినిపించింది. పిల్ల మొదట అడిగింది అక్కడ మంచు పడిందా అని.