కర్బ్ మీద ఇంటి నంబరు: ఇరవై డాలర్లు ఇవ్వాలా, వద్దా?

ఈ వారం మనం మాట్లాడుకోబోయేది వినడానికి చాలా చిన్న విషయం. మహా అయితే ఇరవై, ముప్ఫై డాలర్ల వ్యవహారం. కానీ అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న మన వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. ముఖ్యంగా మనం ఆఫీసులో ఉండి, ఇంట్లో అమ్మానాన్నలో అత్తమామలో మాత్రమే ఉన్నప్పుడు ఎదురైతే కొంచెం గందరగోళంగా ఉంటుంది. అందుకని దీని గురించి వివరంగా చెప్పుకుందాం.

విషయం ఏమిటంటే, వీధి అంచున సిమెంటుతో కట్టిన చిన్న గట్టు ఉంటుంది కదా, దాన్నే ఇక్కడ కర్బ్ అంటారు. మన డ్రైవ్‌వే పక్కన ఆ గట్టు మీద తెల్లరంగు పట్టీ వేసి, దాని మీద నల్లరంగుతో ఇంటి నంబరు వేసిపెడతాం అంటూ కొందరు ఇంటింటికీ వస్తారు. కొన్ని చోట్ల నంబరు పక్కన అమెరికా జెండా కూడా వేస్తారు. టెక్సస్‌లో అయితే ఒంటి నక్షత్రం గుర్తు, ఊళ్ళో ఫుట్‌బాల్ టీము బొమ్మ కూడా కనిపిస్తాయి.

ఈ పని చేసేవాళ్ళు రకరకాల వాళ్ళు. వేసవి సెలవుల్లో కాలేజీ ఫీజుల కోసం తిరిగే కుర్రాళ్ళుంటారు. స్కౌట్ పిల్లలు, హైస్కూల్ బ్యాండు పిల్లలు విరాళాల కోసం చేస్తారు. దీన్నే బతుకుతెరువుగా పెట్టుకుని ఊరూరూ తిరిగే వాళ్ళూ ఉంటారు. వీళ్ళలో ఎక్కువమంది నిజంగా పని చేసి డబ్బు తీసుకునే వాళ్ళే. అందరినీ మోసగాళ్ళ కింద జమకట్టడం న్యాయం కాదు. అయితే అడిగే పద్ధతుల్లో తేడాలుంటాయి. అవి తెలుసుకోవాలి.

మొదటి పద్ధతి సూటిగా ఉంటుంది. బెల్లు కొట్టి, ధర చెప్పి, మీరు సరే అంటే వేసి డబ్బు తీసుకుంటారు. ఇందులో చిక్కేమీ లేదు.

రెండోది కాగితం పద్ధతి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు పిడికి ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో 'నోటీసు' అని ఉంటుంది. ఫలానా తేదీన మీ వీధిలో ఇంటి నంబర్లు వేస్తున్నామనీ, పోలీసులు, ఫైరింజను వాళ్ళు, ఆంబులెన్సు వాళ్ళు ఇంటిని త్వరగా గుర్తుపట్టడానికి ఇది అవసరమనీ రాసి ఉంటుంది. ఏదో ముద్ర, ఏదో ఫారం నంబరు కూడా ఉండొచ్చు. చూడగానే సిటీ ఆఫీసు నుంచి వచ్చిందేమో అనిపిస్తుంది. జాగ్రత్తగా చదివితే అడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది. కావాలంటే ఈ కాగితం తలుపుకి అంటించి పెట్టండి అని కొందరు రాస్తారు. వద్దంటే అంటించి పెట్టండి అని మరికొందరు రాస్తారు. ఈ రెండో రకం కాగితం దగ్గరే జాగ్రత్త అవసరం.

మూడో పద్ధతి, ముందు వేసేసి తర్వాత అడగటం. మనం చూసేసరికి నంబరు కర్బ్ మీద ఉంటుంది. ఆ తర్వాత ఒకతను వచ్చి, మీకు నంబరు వేశాం, ఇంత ఇవ్వండి అంటాడు.

ఇప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న. కర్బ్ మీద నంబరు ఉండాలని చట్టం ఉందా? సాధారణంగా లేదు. చట్టం అడిగేది ఇంటి మీద నంబరు. అమెరికాలో చాలా ఊళ్ళు అనుసరించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో దీనికి కొలతలు కూడా ఉన్నాయి. అంకెలు కనీసం 4 అంగుళాల ఎత్తు, గీత మందం కనీసం అర అంగుళం ఉండాలి. వెనకనున్న గోడ రంగులో కలిసిపోకుండా, వీధిలోంచి చూస్తే కనిపించాలి. ఇల్లు రోడ్డుకి దూరంగా ఉండి నంబరు కనపడకపోతే, దారి మొదట్లో స్తంభం మీదో బోర్డు మీదో పెట్టాలి. మీ ఊళ్ళో ఈ కోడ్‌ని కొద్దిగా మార్చి ఉండవచ్చు, కాబట్టి ఒకసారి సిటీ వెబ్‌సైటులో చూసుకోండి.

రెండో ప్రశ్న. కర్బ్ ఎవరిది? మన ఇంటి ముందుంది కాబట్టి మనదే అనుకుంటాం. మామూలుగా అది సిటీ వాళ్ళ స్థలంలో ఉంటుంది. హెచ్.ఓ.ఏ. ఉన్న కమ్యూనిటీల్లో వీధులు ప్రైవేటువైతే అది హెచ్.ఓ.ఏ. వాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే కొన్ని ఊళ్ళలో కర్బ్ మీద రంగు వేయడానికి పర్మిట్ కావాలి. కొన్ని చోట్ల అంకెల సైజు, రంగు వాళ్ళే చెబుతారు. కొన్ని చోట్ల అసలు వేయనివ్వరు. దీనికి ఒక కారణం ఉంది. కర్బ్ రంగులకి వేరే అర్థాలున్నాయి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో ఎర్ర కర్బ్ అంటే బండి ఆపకూడదు, నీలం అంటే వికలాంగుల పార్కింగు, తెలుపు అంటే మనుషులను ఎక్కించుకోవడానికీ దింపడానికీ కాసేపు ఆపే చోటు. ఎవరికి తోచినట్టు వాళ్ళు రంగులు వేసుకుంటూ పోతే ఇవన్నీ కలగాపులగం అవుతాయి.

ఇంటింటికీ తిరిగి అమ్మడానికి కూడా చాలా సిటీలు పర్మిట్ అడుగుతాయి. వచ్చిన మనిషిని, సిటీ పర్మిట్ చూపిస్తారా అని మర్యాదగా అడగటంలో తప్పేమీ లేదు. ఉన్నవాళ్ళు వెంటనే చూపిస్తారు. మరి మత ప్రచారానికి వచ్చేవాళ్ళని ఎందుకు అడగరు అని మీకు సందేహం రావచ్చు. ఒహాయోలోని స్ట్రాటన్ అనే చిన్న ఊరి కేసులో 2002లో సుప్రీం కోర్టు, మతం గురించో రాజకీయం గురించో తలుపు తట్టి మాట్లాడేవాళ్ళకి ముందస్తు పర్మిట్ పెట్టడం భావప్రకటన స్వేచ్ఛకి విరుద్ధమని చెప్పింది. వ్యాపారం కోసం వచ్చేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి సిటీలు నియమాలు పెడుతూనే ఉన్నాయి.

ఇంకో చిన్న ఆనవాలు చెబుతాను. ఈ కాగితాలు మెయిల్‌బాక్సులో కాకుండా తలుపు దగ్గర ఎందుకుంటాయో గమనించారా? స్టాంపు లేని కాగితాలు మెయిల్‌బాక్సులో పెట్టడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. కాబట్టి తలుపుకి కాగితం తగిలించి, దాంట్లో డబ్బు అడిగి, నగదు తీసుకోవడానికి మనిషి వస్తాడని రాసి ఉంటే, అది సిటీ నోటీసు కాదని తొంభై తొమ్మిది పాళ్ళు అనుకోవచ్చు. ఆ మిగిలిన ఒక్క పాలు కోసం సిటీ ఆఫీసుకి ఫోన్ చేయండి. నంబరు మాత్రం ఆ కాగితం మీదున్నది కాకుండా, మీ నీళ్ళ బిల్లు మీదో సిటీ వెబ్‌సైటులోనో ఉన్నది వాడండి.

ఇక డబ్బు సంగతి. మీరు మాట్లాడకుండా ఊరుకున్నంత మాత్రాన ఒప్పందం కుదిరినట్టు కాదు. ఇది కాంట్రాక్టు చట్టంలో సాధారణ సూత్రం. వద్దని కాగితం అంటించలేదు కాబట్టి మీరు ఒప్పుకున్నట్టే అని ఎవరైనా అంటే ఆ వాదన నిలవదు. అడగకుండా వేసినదానికి డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత మామూలుగా ఉండదు. బాగుందనిపించి ఇవ్వాలనుకుంటే అది మీ ఇష్టం. వద్దనుకుంటే, మేము అడగలేదండీ, క్షమించండి అని చెప్పి తలుపు వేసుకోవచ్చు. గొడవ పడాల్సిన పనేమీ లేదు. అదే మీరు సరే అన్నాక అతను ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని సరిగ్గా వేస్తే, ఒప్పుకున్న మొత్తం బేరమాడకుండా ఇచ్చెయ్యండి. మంచినీళ్ళ సీసా కూడా ఇస్తే ఇంకా మంచిది.

కొనేసిన తర్వాత మనసు మారితే? ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ళ కూలింగ్ ఆఫ్ రూల్ అని ఒకటి ఉంది. ఇంటి దగ్గరికి వచ్చి అమ్మినవి 25 డాలర్లు, అంతకు పైన అయితే మూడు పని దినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు లెక్కలోకి రావు, శనివారం వస్తుంది. రద్దు చేసుకునే ఫారం అమ్మేవాళ్ళే ఇవ్వాలి. అయితే ఇరవై డాలర్ల నంబరుకి ఇది వర్తించదు. అదే మనిషి, మీ డ్రైవ్‌వే మీద కూడా పూత వేస్తాను, రెండు వందలు అన్నాడనుకోండి, అప్పుడు ఈ రూలు అక్కరకొస్తుంది. చెక్కు రాస్తే దాని మీద మన బ్యాంకు అకౌంటు నంబరు ఉంటుందని గుర్తుంచుకోండి. జెల్ లాంటి వాటిలో పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం. ఎలా ఇచ్చినా రసీదు అడగండి.

సరే, మోసం లేదు, ధర బాగుంది. అసలు ఈ నంబరు వల్ల ఉపయోగం ఉందా? ఉంది, కొంతవరకు. చీకట్లో చెట్ల వెనకున్న ఇంటి నంబరు కంటే రోడ్డు పక్కన తెల్ల పట్టీ తొందరగా కనిపిస్తుంది. కానీ దాని ముందు కారు ఆపితే కనపడదు. చెత్త డబ్బాలు పెట్టినా, ఆకులు రాలినా, మంచు పడినా కనపడదు. మంచు తీసే బండ్లు రంగుని గీకేస్తాయి కూడా. కాబట్టి ఇంటి మీద నంబరుకి తోడుగా పనికొస్తుంది తప్ప, దానికి బదులుగా పనికిరాదు.

కాగితం మీద 'రిఫ్లెక్టివ్' అని రాసి ఉంటే ఒక మాట అడగండి. రోడ్డు గీతలు రాత్రిపూట మెరుస్తాయి కదా, అది ఉట్టి రంగు వల్ల కాదు. తడి రంగు మీద సన్నటి గాజు పూసలు చల్లుతారు. ఆ పూసలు హెడ్‌లైటు వెలుగుని తిరిగి వచ్చిన దారినే కారు వైపుకి పంపిస్తాయి. పూసలు లేని తెల్లరంగు కేవలం తెల్లరంగే. పరీక్ష చాలా తేలిక. చీకటి పడ్డాక ముప్ఫై అడుగుల దూరంలో నిలబడి, టార్చిలైటుని కంటి పక్కన పెట్టుకుని నంబరు మీదకి వేయండి. పూసలుంటే పట్టీ వెలుగుతుంది.

మంచి పని ఎలా ఉంటుందంటే, ముందు కర్బ్ మీది మట్టి, పాత రంగు బ్రష్షుతో గీకి శుభ్రం చేస్తారు. తెల్లరంగు వేసి ఆరనిస్తారు. ఆ తర్వాత స్టెన్సిల్ పెట్టి నల్ల అంకెలు వేస్తారు. మట్టి మీదే స్ప్రే కొట్టేస్తే కొన్నాళ్ళకే పెచ్చులు ఊడిపోతుంది. మీ ఊళ్ళో అనుమతి ఉంటే మీరే వేసుకోవచ్చు కూడా. హార్డ్‌వేర్ షాపుల్లో స్టెన్సిళ్ళు, స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. ఒక సెట్టు కొంటే వీధిలో నాలుగైదు ఇళ్ళకి సరిపోతుంది. పొరుగువాళ్ళతో పరిచయం పెరగడానికి అదొక వంక.

ఇప్పుడు అసలు ముఖ్యమైన విషయానికి వద్దాం. మన ఊళ్ళో అడ్రసు చెప్పాలంటే రామాలయం వెనక సందు, నీళ్ళ ట్యాంకు ఎదురుగా అంటాం. డోర్ నంబరు అడ్డగీతలతో, బై నంబర్లతో బారెడు ఉన్నా, అది పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ అలా కుదరదు. అన్ని ఇళ్ళూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. సాధారణంగా వీధికి ఒక పక్క సరి సంఖ్యలు, రెండో పక్క బేసి సంఖ్యలు ఉంటాయి. ఆంబులెన్సు వాళ్ళు ఆ లెక్క ప్రకారమే వెతుక్కుంటూ వస్తారు. ఆ నంబరు కనపడకపోతే పక్కింటి ముందు ఆగుతారు. గుండెనొప్పి వచ్చినప్పుడు ఒక్కో నిమిషం ఎంత విలువైనదో నేను చెప్పక్కర్లేదు.

సెల్‌ఫోను నుంచి 911 కి చేస్తే మనం ఎక్కడున్నామో వాళ్ళకి సుమారుగా తెలుస్తుంది కానీ, ఏ ఇల్లో కచ్చితంగా తెలుస్తుందని నమ్మకం లేదు. అందుకే వాళ్ళు మొట్టమొదట అడిగేది అడ్రసు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంటి నంబరు, వీధి పేరు, ఊరి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నంబరుని ఒక్కో అంకె విడివిడిగా, ఫోర్, టూ, వన్, సెవెన్ అని చెప్పడం నేర్పండి. ఇంగ్లీషు రాకపోయినా ఫోన్ పెట్టెయ్యకుండా 'తెలుగు' అనమని చెప్పండి. చాలా చోట్ల ఫోన్లోనే దుబాసీని కలుపుతారు.

అలాగే తలుపు దగ్గర ఏం చేయాలో కూడా చెప్పి ఉంచండి. ఇంటికొచ్చిన మనిషిని బయట నిలబెట్టడం మన పెద్దవాళ్ళకి మొహమాటంగా ఉంటుంది. ఇక్కడ తలుపు తీయకపోవడం అమర్యాద కాదని వాళ్ళకి వివరించండి. తీసినా 'నో, థాంక్యూ' అంటే చాలు. దేని మీదా సంతకం పెట్టొద్దనీ, పర్సు బయటకి తీయొద్దనీ, కాగితం ఇస్తే తీసుకుని సాయంత్రం మీకు చూపించమనీ చెప్పండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక్క పని చేయండి. కుటుంబమంతా బయటికి వచ్చి, వీధికి అవతలి పక్క నిలబడి మీ ఇంటి వైపు చూడండి. నంబరు కనిపిస్తోందా? వరండా దీపం వెలుగు దాని మీద పడుతోందా? పెరిగిన చెట్టుకొమ్మ ఏదైనా అడ్డం వస్తోందా? కనిపించకపోతే ముందు ఇంటి మీద అంకెలు మార్చండి, దీపం పెట్టండి, కొమ్మ కొట్టించండి. కర్బ్ సంగతి ఆ తర్వాత, తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఈ వారానికి ఇంతే. మళ్ళీ వచ్చే వారం ఇదే సమయానికి కలుసుకుందాం.