పరిశుద్ధత ఎవరి కొరకు?



కొంతకాలం క్రితం నైట్ డ్యూటీ ముగించుకొని వచ్చిన ఒక నర్సింగ్ విద్యార్థిని మమ్మును ఈ విధంగా అడిగింది: "మేడం, వార్డులో పని సరిపోతున్నది. ప్రార్థనకు టైం దొరకదు, వాక్యము చదువుటకు టైం దొరకదు. ఇక పరిశుద్ధ జీవితం ఎట్ల జీవించాలె?" ఆ అమ్మాయి ప్రశ్న ఒక్క ఆమెది కాదు. పొద్దుగూకేదాక సాంచెల దగ్గర నిలబడేవారు, బీడీల గంప ఒడిలో పెట్టుకొని కూర్చునేవారు, నాట్ల కాలంలో మడిలో దిగేవారు, అందరిదీ ఇదే ప్రశ్న. పరిశుద్ధత అనేది తీరిక ఉన్నవారికే దొరుకునా? ఈ సంచికలో ఆ సంగతిని మాకు తెలిసిన ఆసుపత్రి పని ద్వారానే వివరించాలని ఆశిస్తున్నాము.

చేతులు ఎందుకు కడుగుకొనుచున్నాము?

ఆపరేషన్ థియేటర్‌లోనికి వెళ్లే ముందు మేము వ్రేళ్ల సందుల నుండి మోచేతుల వరకు రుద్ది కడుగుకొంటాము. తరువాత చేతులు పైకెత్తి పట్టుకొని, దేనినీ తాకకుండా నిలబడతాము. ఎవరైనా దగ్గరకు వస్తే "తాకవద్దు" అంటాము. తెలియనివారు చూస్తే ఇది గర్వము అనుకొనవచ్చును. కాని ఆ దూరము ఎందుకు? బల్లమీద పడుకొని ఉన్న మనిషి తెరిచిన గాయమును తాకుట కొరకే. తాకుట కొరకే తాకకుండా ఉంటాము.

చాలామంది ఈ పని మమ్మును రోగి నుండి కాపాడుకొనుటకే అనుకొంటారు. అదియు కొంత నిజమే. అయితే స్క్రబ్ చేయుటలో మొదటి ఉద్దేశము రోగిని మా నుండి కాపాడుట.

ఈ సంగతి వైద్యులకు కూడ ఆలస్యంగా తెలిసింది. 1847లో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. అక్కడ రెండు ప్రసూతి వార్డులు. మంత్రసానులు చూసే వార్డు కంటే డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు జ్వరముతో ఎక్కువగా చనిపోయేవారు. కారణమేమి? డాక్టర్లు శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పు గదికి వచ్చేవారు. క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని ఆయన నియమము పెట్టాడు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది తల్లులు చనిపోగా, జూలై నాటికి ఆ సంఖ్య నూటికి ఇద్దరి కంటే తక్కువకు దిగింది. అయినను చాలామంది పెద్ద డాక్టర్లు ఆయన మాట ఒప్పుకొనలేదు. "మా చేతుల వల్లనే చావు వచ్చిందా?" అని నొచ్చుకొన్నారు.

ప్రియులారా, ఆ డాక్టర్లు చెడ్డవారు కారు. బాగుచేయాలని వచ్చినవారే. కంటికి కనబడని దానిని చేతుల మీద మోసుకొని వచ్చారు. మన పాపము కూడ అటువంటిదే. "నా పాపము నాకు, దేవునికి మధ్య సంగతి" అంటాము. కాని అది మనతోనే ఆగదు. మన మాట ద్వారా, చూపు ద్వారా, చేతి ద్వారా అది ఎదుటివానికి చేరుతుంది. కాబట్టి పరిశుద్ధతను వెంటాడుట మన పేరు కొరకు కాదు. మన చేతికి వచ్చినవారు మన వలన చెడిపోకుండుట కొరకు.

వేరుపరచబడుట అంటే ఏమి?

బైబిలులో పరిశుద్ధత అనే మాటకు దేవుని కొరకు ప్రత్యేకించబడుట, వేరుపరచబడుట అని అర్థము. ఇక్కడే మనము పొరపడుచున్నాము. అంటుముట్టు పాటించిన సమాజము మనది. వేరుగా ఉండుట అంటే ఎదుటివానిని తక్కువగా చూచుట అని మన రక్తంలో ఇంకిపోయింది. ఆ తలంపు సంఘములోనికి కూడ వచ్చింది. కల్లు త్రాగేవాని ప్రక్కన కూర్చోము, సినిమాకు పోము, నగలు పెట్టుకోము కనుక మేము పరిశుద్ధులము అనుకొనేవారు ఉన్నారు. త్రాగుడు మానుట మంచిదే. కాలేయము చెడినవారిని రోజూ చూచే మేము వద్దని ఎట్లు అనగలము? అయితే అది పరిశుద్ధతలో ఒక భాగమే గాని అంతా అదే కాదు.

స్టెరైల్ ట్రేను మేము వేరుగా పెడతాము. బీరువాలో దాచుకొనుటకు కాదు, అవసరం వచ్చినప్పుడు తెరుచుటకు. ఒక్కసారి కూడ తెరువకపోయినా దాని మీద వ్రాసిన గడువు దాటితే మరల ఆటోక్లేవ్‌లో పెట్టవలసినదే. వాడబడని పరిశుద్ధత కూడ అంతే.

దేవుడు తన ప్రజలను పరిశుద్ధులుగా ఉండమని ఆజ్ఞాపించిన లేవీయకాండము 19వ అధ్యాయమును ఒకసారి నిదానంగా చదవండి. ఆ ఆజ్ఞ వెంట వచ్చే సంగతులు ఏవి? విగ్రహములను గూర్చి, విశ్రాంతి దినమును గూర్చి ఉన్నవి. వాటితో పాటే పొలం కోసినప్పుడు అంచులు విడిచిపెట్టి, పరిగె బీదలకు వదలమని ఉన్నది. కూలివాని కూలి తెల్లవారే దాక ఉంచుకొనవద్దని, చెవిటివానిని తిట్టవద్దని, గ్రుడ్డివాని ఎదుట అడ్డము వేయవద్దని, తూకములో మోసము చేయవద్దని, ముసలివారి ఎదుట లేచి నిలబడమని, పొరుగువానిని ప్రేమించమని ఉన్నది.

ఇవన్నీ మన ఊళ్లలో జరిగే సంగతులే కదా! కోరుట్ల, జగిత్యాల వైపు వరికోతల తరువాత పరిగె ఏరుకొనే ముసలమ్మను పొలములోనుండి తరిమితే ఆ దినమున మన ఉపవాసము ఏమి పనికి వస్తుంది? తునికాకు, తంబాకు తూచి ఇచ్చేచోట తరాజు సరిగా పట్టుకొనే చెయ్యి పరిశుద్ధమైన చెయ్యి. సాంచెల మీద పనిచేసినవాని కూలి శనివారము నాడు ఎగవేసి, ఆదివారము కానుక వేసే చెయ్యి కాదు.

మా జీవితములో జరిగిన సంగతి

ఇతరుల తప్పులు చెప్పుట సుళువు. మా తప్పు కూడ చెప్పుట న్యాయము. మేము డిప్లొమా ముగించుకొని కొత్తగా ఒక ఆసుపత్రిలో చేరిన దినములవి. లేబర్ రూములో రాత్రి డ్యూటీ. బీడీలు చేసుకొని బ్రతికే ఒక స్త్రీ రెండవ కాన్పుకు వచ్చింది. నొప్పులకు ఓర్వలేక అరుస్తుంటే మేము ఆమెను గట్టిగా తిట్టాము. తొడమీద కొట్టాము కూడ. ఆ రాత్రి మా గ్లవ్స్ స్టెరైల్‌గానే ఉన్నవి, పనిముట్లు స్టెరైల్‌గానే ఉన్నవి. తెల్లవారి వార్డు ప్రార్థనలో వాక్యము చదివినది కూడ మేమే.

రెండు సంవత్సరముల తరువాత అదే స్త్రీని మంచముమీద మోసుకొని తెచ్చారు. ఇంటి దగ్గరనే కాన్పు అయింది, మాయ పడలేదు, చీర అంతా రక్తము. "ముందే ఎందుకు తీసుకురాలేదు?" అని మేము అత్తను గద్దించాము. ఆమె అన్నది: "తోలుకొస్తమంటే అదే రానన్నది సిస్టరమ్మా. ఆడ కొడతరని బుగులు పడ్డది."

దేవుని కృప వలన ఆ తల్లి బ్రతికింది, బిడ్డ బ్రతికింది. మూడు సీసాల రక్తము ఎక్కించవలసి వచ్చింది. మేము మంచము దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగినప్పుడు ఆమె ఏమియు అనలేదు. అవతలి ప్రక్కకు తిరిగి పడుకొన్నది. మూడవ దినమున మాత్రము బిడ్డను మా చేతికిచ్చి, "తానం పోయి సిస్టరమ్మా" అన్నది. క్షమాపణ అంటే ఏమిటో ఆ దినమున నేర్చుకొన్నాము.

కాన్పు సమయములో స్త్రీలను తిట్టుట, కొట్టుట, అవమానించుట వారి హక్కులను కాలరాచుటయేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించింది. అటువంటి చోటికి తల్లులు మరల రావడానికి భయపడతారని కూడ చెప్పింది. మాకు ఆ సంగతి చాలా ముందే, చాలా వెలపెట్టి తెలిసింది. మా కోపము మాతోనే ఆగలేదు. అది ఆ తల్లి రక్తమువరకు వెళ్లింది.

డిచ్‌పల్లి సాక్ష్యము

మన ఎల్లారెడ్డిపేట నుండి కామారెడ్డి మీదుగా నిజామాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి ఉన్నది. అక్కడి కుష్ఠురోగుల ఆసుపత్రి పేరు మన పెద్దలకు బాగా తెలుసు. స్కాట్లాండ్ నుండి 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ ద్వారా వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దానిని మొదలుపెట్టారు. ఆ దినములలో పెద్దరోగము వచ్చినవానిని ఊరిబయట పెట్టేవారు. ఆమె వారిని దగ్గరకు తీసింది; నూనెమందు ఇంజెక్షన్లతో చికిత్స చేసింది. నిజామాబాదుకు చెందిన నర్సాగౌడ్ అనే హిందూ ధనవంతుడు ఆసుపత్రి కట్టుటకు పెద్ద మొత్తము ఇచ్చాడు. 1932లో మరణించేవరకు ఆమె ఆ పని విడువలేదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయములో యేసుప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకొన్నాడు. ధర్మశాస్త్రము ప్రకారము అంటిన మైల ముట్టినవానికి రావలెను. ఇక్కడ తలక్రిందులైంది: ఆయన శుద్ధియే రోగికి అంటింది. క్రైస్తవ పరిశుద్ధత ఈ రకమైనది. అది తనను కాపాడుకొనుటకు పారిపోదు, దగ్గరకు పోతుంది. నేడు ఈ రోగమునకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా మందులు ఉన్నవి. 6 నెలలు గాని 12 నెలలు గాని వాడితే నయమవుతుంది. మందులు మొదలుపెట్టిన కొద్ది కాలములోనే రోగి నుండి ఇతరులకు సోకుట ఆగిపోతుంది. స్పర్శ లేని మచ్చలు కనబడితే దాచుకొనక చూపించుకొనండి. దాచుకొనే మచ్చ రోగమైనా పాపమైనా లోలోపల ముదురుతుంది.

మరి ఏమి చేయవలెను?

1. మొదట శుద్ధిచేయువాని యొద్దకు రండి. ఏ పనిముట్టు కూడ తనను తాను స్టెరైల్ చేసుకొనలేదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి, ఆ ఒత్తిడికి లోబడి ఉండుటయే దాని వంతు. మనము మంచివారమై దేవుని దగ్గరకు వచ్చుట కాదు. వచ్చిన తరువాత ఆయన మనలను శుద్ధి చేయును. యేసుక్రీస్తు రక్తము, పరిశుద్ధాత్మ చేయు పని అది.

2. ప్రతి మనిషి దగ్గరకు వెళ్లే ముందు మరల కడుగుకొనండి. పొద్దున ఒక్కసారి కడిగిన చెయ్యి రోజంతటికి చాలదు. ఒక రోగి నుండి మరియొక రోగికి వెళ్లునప్పుడు సబ్బు నీళ్లతో 40 నుండి 60 సెకన్లు కడుగవలెను. ఆ సమయము చిన్న ప్రార్థనకు సరిపోతుంది: "ప్రభువా, ముందటి వారి మీది కోపము ఈమె మీదికి తీసుకొనిపోనియ్యకు." నర్సులకే కాదు, దుకాణములో, బడిలో, ఇంట్లో ఉన్నవారికి కూడ ఇది వీలైన ప్రార్థన.

3. తెగిన పోగును వెంటనే అతికించండి. సాంచె నడుస్తుండగా పోగు తెగితే సిరిసిల్ల కార్మికుడు దానిని చూచి అప్పుడే అతికిస్తాడు. చూడక వదిలితే ఆ లోపము గుడ్డ పొడవునా పోతుంది. ఇంట్లో అన్న మాట, చెప్పిన అబద్ధము అదే దినమున ఒప్పుకొనండి. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న భర్తకు ఫోనులో దాచిన సంగతి, ఆయన మీకు దాచిన సంగతి, ఏండ్లు గడిస్తే సంసారము పొడవునా పోతుంది.

4. ఒంటరిగా ప్రయత్నించవద్దు. జాన్ వెస్లీ 1742 నుండి విశ్వాసులను చిన్న చిన్న గుంపులుగా చేర్చి, వారమునకొకసారి ఒకరి ఆత్మీయ స్థితిని మరొకరు విచారించుకొనే ఏర్పాటు చేశాడు. ఆయనే 1747లో బీదల కొరకు ఇంటి వైద్యపు పుస్తకము వ్రాశాడు. ఆత్మ ఆరోగ్యమును, శరీర ఆరోగ్యమును వేరుచేసి చూడలేదు. మీ తప్పును ముఖముమీద చెప్పగల ఇద్దరిని దగ్గర ఉంచుకొనండి.

5. జారిపడితే ఆగిపోవద్దు. ఆపరేషన్ మధ్యలో గ్లవ్ చినిగితే మేము ఏడ్చుకొంటూ కూర్చోము, చినగలేదని నటించము. "గ్లవ్ చినిగింది" అని పైకి చెప్పి, మార్చుకొని మరల పనిలోనికి వస్తాము. దాచిన చినుగే ప్రమాదకరము.

ఆ విద్యార్థినికి మేము చెప్పిన జవాబు ఇదే: "అమ్మా, టైం దొరికినప్పుడు తప్పక మోకరించు, వాక్యము తప్పక చదువు. దానికి బదులు ఏదియు లేదు. కాని నీ పరిశుద్ధత నిజమైనదో కాదో పడక నంబరు నాలుగులో, పక్క తడిపి సిగ్గుపడుచున్న ముసలాయన దగ్గర తెలుస్తుంది. షీటు మార్చునప్పుడు నీ ముఖము ఎట్లుంటదో చూచుకో."

చదువరులారా, ఈ రాత్రి నిద్రపోకముందు మిమ్మును మీరు పరీక్షించుకొనండి. ఈ దినము నా చేతి నుండి ఎవరికి ఏమి అంటింది? నాకు భయపడి నా దగ్గరకు రాకుండా పోయినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే రేపు పొద్దుననే వెళ్లి కలవండి.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మాకు కనబడని మా మురికిని మాకు చూపుము. మా చేతులను, నాలుకను, హృదయమును శుద్ధిచేయుము. మా యొద్దకు వచ్చువారు మా వలన గాయపడక, నీ వలన బాగుపడి ఇంటికి వెళ్లునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.