బైక్ వెనక షాక్ సెట్టింగ్: ముందు స్యాగ్, ఆ తర్వాతే రీబౌండ్

మౌంటెన్ బైక్ సీటుని చేత్తో నొక్కి "సస్పెన్షన్ సూపర్" అనేస్తాం కదా? దాంతో ఏమీ తెలీదు. షాక్ మోయాల్సింది మీ చేతిని కాదు, మిమ్మల్ని. అందుకే నేను ముందు చూసేది స్యాగ్. అంటే మీరు ఎక్కి నిలబడితే షాక్ ఎంత కుంగుతుందో ఆ కొలత.

లాకౌట్ లీవర్ ఓపెన్‌లో పెట్టండి. హెల్మెట్, బ్యాగ్, నీళ్లతో సహా ఎక్కి, గోడ ఆసరాగా పెడల్స్ మీద నిలబడండి. షాక్ మీదున్న రబ్బరు రింగ్‌ని సీల్ దాకా జరిపి, కుదుపు లేకుండా దిగండి. ట్రెయిల్ బైక్‌కి మామూలుగా స్ట్రోక్‌లో 25 నుంచి 30 శాతం స్యాగ్ ఉండాలి. స్ట్రోక్ 55 మిల్లీమీటర్లయితే 30 శాతం అంటే 16.5 అన్నమాట. రింగ్ అంతకన్నా ఎక్కువ జరిగితే గాలి పెంచండి, 25 శాతం కన్నా తక్కువైతే తగ్గించండి. టైర్ల పంపు వద్దు, షాక్ పంపే వాడాలి. గాలి మార్చాక షాక్‌ని పదిసార్లు నొక్కి, మళ్లీ కొలవండి.

ఇక రీబౌండ్. చాలా షాకుల్లో ఇది ఎర్ర నాబ్. కుంగిన షాక్ ఎంత వేగంగా లేవాలో ఇదే చెప్తుంది. మరీ వేగంగా లేస్తే, దిగుడులో మిమ్మల్ని హ్యాండిల్ మీదకి ఎగరేస్తుంది. మరీ నెమ్మదైతే, వరుస రాళ్ల మీద లేచే టైమ్ దొరక్క కుంగిపోయి గట్టిపడుతుంది. ఒక్కో క్లిక్ మారుస్తూ ఒకే దారిలో తొక్కి చూడండి.

గాలి పెంచితే షాక్ లేచే వేగం కూడా పెరుగుతుంది. అందుకే స్యాగ్ తేలకుండా నాబ్ ముట్టుకోకండి. ఫ్రెండ్ సెట్టింగ్ కాపీ కొట్టకండి, వాడి బరువు వేరు, మీ బరువు వేరు!