పథకం వెళ్ళినా పొత్తు నిలవాలి
తాబేలు గుడ్డుకూ మడచెట్టుకూ ఉమ్మడి కాపలాయే దిక్కు

పాలకాయతిప్ప (కోడూరు మండలం): ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. కృష్ణమ్మ సాగరంలో కలిసే ఈ తీరాన మాత్రం ఉమ్మడి కాపలా లేకుంటే బతకనివి రెండున్నాయి. ఒకటి ఆలివ్ రిడ్లే తాబేలు, రెండవది మడ అడవి.

ఏటా చలికాలం చివర ఆడ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకెక్కి, ఇసుకలో గుంట తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. తెల్లవారేలోగా ఎవరూ చూడకపోతే అవి నక్కల పాలు, కుక్కల పాలు. అందుకే అటవీశాఖ ఇక్కడా, నాగాయలంక వైపున ఈలచెట్లదిబ్బలోనూ గుడ్లు పొదిగించే కేంద్రాలు నడిపింది. అయితే ఇసుక మీది చారను బట్టి గుంట జాడ పట్టగలిగేది స్థానిక మత్స్యకారులే. తెచ్చిన గుడ్లను కంచె లోపల తిరిగి పాతిపెడితే 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటపడతాయి. వాటిని సముద్రంలోకి వదులుతారు.

కథ అంతటితో ముగియదు. మరబోట్ల వలలో చిక్కిన పెద్ద తాబేలు పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చస్తుంది. వలకు అది తప్పించుకునే ద్వారం అమర్చాలంటే మత్స్యశాఖ, బోట్ల యజమానులు కలిసి రావాలి. ఒడ్డున ఒక శాఖ కాపాడింది నీటిలో చనిపోతే ఫలమేమిటి?

మడ అడవిదీ ఇదే తీరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు తీసిన సంగతి విదితమే. మడ అడ్డుగోడ విలువ ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. 1996 నుంచి 2003 వరకు చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవులలో పని చేశారు. కెనడా సహాయం తోడైంది. నీరు నిలిచి ఉప్పు పేరుకున్న పల్లాలకు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఆటుపోట్ల నీరు వచ్చిపోతుంటే ఉప్పు తగ్గింది, మడ మొక్కలు నిలదొక్కుకున్నాయి. భూమి అటవీశాఖది, శాస్త్రం సంస్థది, కాపలా ఊరివారిది. ఎవరి పని ఏమిటో ముందే తేల్చుకోవడం గమనార్హం.

కాని కాలువలు పూడుతాయి. గడువు తీరితే పథకం డబ్బు ఆగుతుంది, పూడిక మాత్రం ఆగదు. ఆఫీసర్లకు బదిలీలుంటాయి, సంస్థలకు గడువులుంటాయి. ఊరికి బదిలీ లేదు. కనుక ఏ పొత్తుకైనా ఊరే మూలస్తంభం కావాలి. పూడికతీతకూ, కాపలాదారుల కూలికీ ఏటా సొమ్ము ముందే కేటాయించాలి. తాబేళ్ళ రాకకు ముందే అటవీ, మత్స్య శాఖలు, బోట్ల యజమానులు, గ్రామస్థులు ఒకచోట కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. ఆఫీసరు మారినా ఆ కాగితం మారకూడదు.

తాబేలు ఏ శాఖనూ అడిగి ఒడ్డుకు రాదు. అది వచ్చేనాటికి మనవారు కలిసి ఉండవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.