మెట్ట ఎండలో మశూచి టీకా

మశూచి టీకాలకు చలికాలమే అదును. వైశాఖం ఎండల్లో ఎంత శ్రద్ధగల ఉద్యోగి పల్లెలు తిరిగినా, పెట్టెలోని మందు దారిలోనే చచ్చిపోయే ప్రమాదం ఉండేది. అందులో ఉన్నది బతికున్న వైరస్ మరి!

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మునేటి ప్రాంతపు నందిగామ, జగ్గయ్యపేట మద్రాసు పాలనలోనివి. 1948 వరకు పొలిమేర దాటితే నిజాం రాజ్యమే. మశూచి అమ్మవారికి ఆ పొలిమేరలతో పనిలేదు. టీకా మందు తయారయ్యేది మద్రాసు దగ్గర గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో. దూడ చర్మాన్ని గొరిగి, గీరి, వైరస్ రాసేవారు. కొన్నాళ్లకు పొక్కుల గుజ్జు తీసి గ్లిసరిన్‌తో నూరేవారు. గ్లిసరిన్ మెల్లగా బాక్టీరియాను చంపుతుంది, వైరస్‌ను చాలావరకు మిగులుస్తుంది. అయితే చల్లగా ఉంచితేనే. గిండీ ఎక్కడ, మునేటి ఒడ్డు పల్లెలెక్కడ!

1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం అధికారుల చేతికి గట్టి ఆయుధమే ఇచ్చింది. కానీ బిడ్డ జబ్బ చాపించగలదేగాని చచ్చిన వైరస్‌ను ఏ చట్టం లేపగలదు? టీకా ఫలించకపోతే పోలేరమ్మ మొక్కుల మీదా, వేపమండల మీదా నెపం పెట్టడం తేలిక. లోపం సీసాలోనూ ఉండేది.

అందుకే టీకా వేయడంతో పని ముగిసేది కాదు. పళ్లున్న చిన్న బిళ్లను చర్మంపై గిర్రున తిప్పితే పిల్లలు గోల పెట్టేవారు. వారం తర్వాత మళ్లీ వచ్చి చూడాలి. చిన్న పొక్కు లేచి, నీరు పట్టి, చీము పట్టి, పెచ్చు కడితే టీకా పొంగినట్టు. పొంగకపోతే మళ్లీ మొదటికి. పెద్దవాళ్ల జబ్బల మీద గుండ్రటి మచ్చలు ఆ బిళ్ల చలవే.

ఎండ సమస్యకు విరుగుడు 1950లలో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కోలియర్ చూపించాడు. వైరస్‌ను పెప్టోన్‌లో కలిపి, గడ్డకట్టించి, తేమ లాగేసి పొడి చేశాడు. మంచి పొడిమందు 37 డిగ్రీల వేడిలో నాలుగు వారాలు నిలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం పెట్టింది. 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక సోవియట్ యూనియన్ ఈ మందును భారీగా విరాళమిచ్చింది. తర్వాత గిండీ, హైదరాబాదుల్లోనూ తయారైంది. రెండు మొనల సూది వచ్చాక పదిహేను పోట్లతో పని తేలిపోయేది, మందూ పావువంతే చాలేది. దేశంలో చివరి స్థానిక కేసు 1975 మేలో బీహార్‌లో బయటపడింది.

1978లో మొదలైన విస్తృత టీకాల కార్యక్రమంతో డీపీటీ వంటివి పల్లెకు చేరాల్సి వచ్చింది. కోలియర్ ఉపాయం డీపీటీకి పనికిరాదు: అది వేడికి చెడుతుంది, గడ్డకడితే ఇంకా చెడుతుంది. ఆరోగ్య కార్యకర్త మంచుపెట్టెలో సీసా మరీ మంచుకు తగలకుండా చూసుకోవాల్సిందే.