మిరప నారు వ్యాపారములో సెల్‌ఫోను చిట్టా

మిరప నారును నేలమడులలో పోసికొనుటకు బదులు, నీడవలల క్రింద ప్లాస్టిక్ ట్రేలలో పెంచిన నారును కొని నాటు రైతులు నేడు గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతములలో చాలమంది కలరు. కొద్దిపాటి స్థలములో నీడవల వేసి ఈ నారు పెంచి అమ్మువారు పేరుకు రైతులే అయినను, చేయుచున్నది వ్యాపారము. కాని నారు సంరక్షణలో వారు చూపు శ్రద్ధలో నాల్గవ వంతయినను లెక్కలలో చూపుట లేదు. ఎవరికి ఎన్ని ట్రేలు ఒప్పుకొన్నదీ, ఎంత బయానా పుచ్చుకొన్నదీ జ్ఞాపకములోనే ఉంచుకొనుచున్నారు.

దీనివలన వచ్చు చిక్కు నేను స్వయముగ చూచితిని. ఒక నర్సరీకి ఆగస్టు నెలాఖరున ఒకే ఉదయము ఇద్దరు రైతులు ట్రాక్టర్లతో వచ్చిరి. ఉన్న ట్రేలు ఒక్కరికే సరిపోవును. ఇద్దరివద్దను బయానా తీసికొన్న మాట నిజమే. ఒకరు ఫోనులో చెప్పిరి, మరియొకరు వాట్సాప్‌లో మాటను రికార్డు చేసి పంపిరి. ఆ రెండవది వందల సందేశముల క్రింద పడిపోయినది. ముందు వచ్చినవారు నారు తీసికొనిపోయిరి. రెండవ రైతు దున్ని, సాళ్లు తోలి, పదునుమీద ఉన్న పొలమును వదలి ఊరూరా నారుకై తిరుగవలసి వచ్చినది. నర్సరీ యజమాని మోసగాడు కాడు. ఆయనకు చిట్టా లేదు, అంతే.

ఇందుకు డబ్బు పోసి కొను యాప్‌లు పలు రకములు కలవుగాని, చిన్న నర్సరీకి అవి అవసరమని నేను అనుకొనను. గూగుల్ షీట్స్ వంటి ఉచితమైన పట్టిక చాలును. అందులో ఆర్డర్లకు ఒక కాగితము, జమాఖర్చులకు ఒక కాగితము తెరువుడు. ఆర్డర్ల కాగితములో ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క వరుస: పేరు, ఊరు, ఫోను నంబరు, రకము, ట్రేలు, బయానా, నారు ఇవ్వవలసిన తేది. మాట కుదిరిన క్షణముననే వ్రాయవలెను. సాయంత్రము వ్రాయుదమనుకొన్నది మరునాటికి మరపున పడును. చేతులకు కొబ్బరిపొట్టు అంటియున్నచో, ఫోను మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పినను అక్షరములుగా వచ్చును. అంకెలను మాత్రము ఒకమారు సరిచూచుకొనుడు.

పట్టికవలన కలుగు అసలు లాభము తేదీలలో ఉన్నది. మిరప నారు సుమారు 35 నుండి 40 రోజులలో నాటుటకు వచ్చును. మీ నర్సరీలో 38 రోజులు పట్టుననుకొనుడు. ఇవ్వవలసిన తేదినుండి 38 తీసివేయుమని పక్క గడిలో ఒక్కసారి సూత్రము వ్రాసిన, విత్తవలసిన తేదిని పట్టికయే చూపును. సెప్టెంబరు 2న ఇవ్వవలెనన్న జూలై 26న విత్తవలెను. దానికి 14 రోజులు కలిపిన ఆగస్టు 9 వచ్చును. అది మొలకలు లెక్కించు తేది. ఈ తేదీలను ఫోను క్యాలెండరులో ఎక్కించిన, ఆనాటి ఉదయము గంట కొట్టి జ్ఞాపకము చేయును.

మొలకల లెక్క ఎందులకనగా: 75 సెం.మీ. సాళ్లలో 45 సెం.మీ. దూరమున నాటిన ఎకరమునకు సుమారు 12,000 మొక్కలు కావలెను. 98 గుంటల ట్రేలో నూటికి 90 వంతున మొలచిన 88 మొక్కలు వచ్చును గనుక 137 ట్రేలు చాలును. అయితే విత్తన ప్రమాణములలో మిరపకు విధించిన కనీస మొలక శాతము 60 మాత్రమే. మీరు కొన్న లాటు 70 వంతుననే మొలచినచో, ఆ 137 ట్రేలలో లభించునది దాదాపు 9,400 మొక్కలు. అనగా ఒక్క ఎకరమునకే 2,600 మొక్కలు తక్కువ. ఈ సంగతి 14వ రోజున తెలిసిన, మరికొన్ని ట్రేలు విత్తవచ్చును, లేదా రైతుకు ముందే చెప్పి ఒప్పించవచ్చును. ట్రాక్టరు వచ్చిన రోజున తెలిసిన తగవే మిగులును.

వర్షములు వెనుకబడిన కొనువారు "ఇంకొక వారము ఆగుడు" అందురు. ముదిరిన నారు సన్నగా సాగును, వేళ్లు గుంటలో చుట్టుకొనును. కావున మారిన తేదీకి వేరొక గడి ఉంచి, ఆ సంగతిని రైతుకు వాట్సాప్ సందేశముగ కూడ పంపుడు. తరువాత ముదురు నారు ఇచ్చితిరని నిందవేయుటకు వీలుండదు.

ఫోను కెమెరాను మరువవద్దు. విత్తన పొట్లమును చించుటకు ముందు రెండు ప్రక్కలను, బిల్లును ఫోటో తీయుడు. లాటు సంఖ్యను పట్టికలో వ్రాసి, అదే సంఖ్యను ట్రేల వరుసకు కట్టిన చీటిపై కూడ వ్రాయుడు. పూతకు వచ్చిన పిదప కల్తీ మొక్కలు కనిపించిన, ఉద్యానశాఖ అధికారి మొదట అడుగునది బిల్లు, లాటు సంఖ్య. అవి లేని నర్సరీవారు విత్తన సంస్థ తప్పును కూడ తమ నెత్తిన వేసికొనవలసి వచ్చును.

జమాఖర్చుల సంగతి. 2016లో వచ్చిన యూపీఐ వలన డబ్బు నేరుగా బ్యాంకులో పడుచున్నది, కాని అదే ఖాతానుండి ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు పోవుచుండిన నారు వ్యాపారములో మిగిలినదేమో ఎవరికిని తెలియదు. వ్యాపారమునకు వేరు ఖాతా తెరచి, క్యూఆర్ అట్టను దానికే పెట్టించుడు. బావమరిదికి ఊరక ఇచ్చిన 20 ట్రేలను కూడ వ్రాయవలెను. (ఇది చెప్పినప్పుడు చాలమంది నవ్వుదురు. కాని ఖర్చు ఖర్చే.) తిరిగి రావలసిన ఖాళీ ట్రేలకు ఒక గడి ఉంచుడు. వాటిని మరల వాడుకొనవచ్చును గనుక అవియు బాకీయే.

డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నంబరు ఏనాడును అవసరము లేదు. "బయానా పంపుచున్నాను, పిన్ నొక్కుడు" అనువాడు దొంగ. మోసపోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను.

పట్టికను భార్యకు, కుమారునకు కూడ కనబడునట్లు పంచుకొనిన, మీరు పొలమున ఉన్నను ఇంటివద్ద ఆర్డరు వ్రాయవచ్చును. నీటి తొట్టిలో ఫోను పడినను ఆ పట్టిక గూగుల్ ఖాతాలో ఉండును. ఫోటోలు మాత్రము బ్యాకప్ మీట వేసిననే ఉండును, ఈ రోజే చూచుకొనుడు. ఖాతా పేరును, పాస్‌వర్డును ఒక కాగితముపై వ్రాసి పొలము పత్రములున్న పెట్టెలో ఉంచుడు.